బొడ్రాయి మట్టి

మాచర్ల హైస్కూల్లో నాతో చదివిన స్నేహితుడొకడు ఉండేవాడు, బుర్రంటే వాడిదే. ఇప్పుడు మెచ్చుకుంటూ అంటున్నాను గాని, అప్పట్లో ఈ మాట కడుపుమంటతో అనేవాణ్ని. పాడైన సైకిల్ బెల్లు వాడి చేతికిస్తే మోగేది. నా చేతికిస్తే మోగేది కూడా మూగబోయేది. వాడికి తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోయారు. కృష్ణ ఒడ్డున వాళ్ల ఊళ్లో నాయనమ్మ పెంచి పెద్దచేసింది. చదువు కోసం మాచర్లలో మేనమామ ఇంట్లో ఉండేవాడు.

అవి సాగర్ డ్యాం లేస్తున్న రోజులు. వాడి ఊరు మునిగే ఊళ్లలో ఒకటి. జనం తలుపులూ దూలాలూ ఊడదీసి బండ్లకెత్తుకుని ఒక్కొక్కరే వచ్చేశారు. నాయనమ్మ మాత్రం కదలనంది. ఆఫీసర్లు వచ్చి చెప్పారు, మేనమామ వెళ్లి బతిమాలాడు. ఆవిడది ఒకటే మాట.

"ఏందబ్బీ మీరు చెప్పేది? కిష్టమ్మ మన రేవుమెట్లు దాటి ఎక్కటం మా అత్త గూడా చూళ్లా. ఇన్ని వరదలకి ఎక్కనిది ఈళ్లు గోడ కడితే ఎక్కిద్దా?"

ఒకసారి వాడి వెంట నేనూ ఆ ఊరు వెళ్లాను. మా నాన్న మిషన్ బళ్లో పంతులు. నేనెవరి పిల్లవాణ్నో ఆవిడ అడిగి తెలుసుకుని, అరుగు మీద కాకుండా చూరు కింద కూర్చోబెట్టింది. దాహమంటే చెంబు తాకనివ్వకుండా పైనుంచి నా దోసిట్లోకి నీళ్లు పోసింది. నాకు ఒళ్లు మండింది. ఆ తర్వాత విస్తరి నిండా జొన్నన్నం, గోంగూర పచ్చడి పెట్టి, "తిను నాయనా, బక్కచిక్కి ఉండావు" అని పక్కనే కూర్చుంది. ఆవిడ మీద కోపంగా ఉండాలో ఇష్టంగా ఉండాలో నాకు ఆ వేళ తేలలేదు. ఇన్నేళ్లయినా పూర్తిగా తేలలేదు.

మనవణ్ని చూపించి ఆవిడ నాతో అంది. "నేను పొయ్యేటప్పుడు నా నోట్లో గుక్కెడు నీళ్లు పొయ్యటానికి ఈడొక్కడే మిగిలాడు. అందుకే పెంచా." వాడు సిగ్గుపడి లేచి వెళ్లిపోయాడు.

ఆ ఏడాది గురజాలలో చుట్టుపక్కల హైస్కూళ్లన్నిటికీ పోటీ పెట్టారు. పిల్లలు సొంతంగా ఆలోచించి ఒక యంత్రమో కట్టడమో నమూనా చెయ్యాలి. మా సైన్సు మాస్టారు క్లాసులో ఖచ్చితంగా చెప్పారు. "అట్టముక్కలకి రంగులేసి తెస్తే కుదరదు. జడ్జీల ముందు అది పని చెయ్యాలి."

వాడు డ్యాం చేస్తానన్నాడు. బయటికొచ్చాక నా భుజం పట్టుకుని అసలు సంగతి చెప్పాడు. "నాయనమ్మని తీసుకొచ్చి చూపిస్తాన్రా. నీళ్లు ఎట్టా ఎక్కుతయ్యో కళ్లారా చూస్తే నమ్మిద్ది. ఈ వానాకాలం లోపల ఊళ్లోంచి రాకపోతే ఆమె దక్కదు."

కిరసనాయిలు డబ్బాలు కోసి రేకు పరిచాం. అతుకుల్లో తారు పోశాం. గేట్లకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు అంటించాం. మొదట్లో ఎన్ని బిందెలు పోసినా చిల్లికుండే. మాస్టారు వచ్చి చూసి, "ఈ డ్యాం కింద వరి పండదు గాని, మీ కాళ్ల కింద బాగా పండుద్దిరా" అని నవ్వేవారు. చివరికి నీళ్లు నిలిచాయి. గేటు ఎత్తితే కాలువ వెంట పారి, నకరికల్లు, వినుకొండ అని చీటీలు గుచ్చిన మళ్లల్లోకి వెళ్లాయి. ఆ మళ్లల్లో పెసలు చల్లి మొలకలు కూడా తెప్పించాం.

ఇక డ్యాం వెనక వాడి ఊరు కట్టాలి. అందుకు ఒక ఆదివారం మట్టి కోసం మళ్లీ ఆ ఊరు వెళ్లాం. వాడు ఇంటి పెరట్లో తవ్వలేదు. ఊరి నడిమధ్యకు వెళ్లి బొడ్రాయి పక్కన కూర్చున్నాడు. ఊరు కట్టేనాడు ముందుగా పాతే రాయి అది. దాని మొదలు దగ్గరి మట్టిని ఎవరూ చిటికెడు కూడా ఊరు దాటించరు. దాటిస్తే ఊరు ఆ మట్టి వెంట పోతుందంటారు. నాకు ఆ పట్టింపు లేదు గాని, వాడు తువ్వాల పరిచి దోసిళ్లతో ఎత్తుతుంటే ఊరుకోలేకపోయాను.

"తప్పు కాదట్రా?" అన్నాను.

"వేరే మట్టయితే బొమ్మలాటని తీసిపారేసిద్ది. బొడ్రాయి మట్టంటే కళ్లు పెట్టి చూసిద్ది. ఊరే పోతుంటే ఇంక మట్టి దాటితే ఏందిరా?"

పోటీ రోజు బస్సు టాపు మీద డ్యాం, లోపల మనవడి పోటీ చూడ్డానికని ఒక్క పూటకు వచ్చిన నాయనమ్మ. గురజాల బడి వరండాలో జనం క్రిక్కిరిసి ఉన్నారు. డ్యాం పనుల మీద ఉన్న ఒక ఇంజనీరు జడ్జీగా వచ్చాడు. వాడు నాయనమ్మను ముందుకు తెచ్చి నిలబెట్టాడు. "ఇదుగో మన రేవు. ఇదుగో మనిల్లు. ఇది బొడ్రాయి. మట్టి గూడా ఆ రాయి కాడిదే నాయనమ్మా, నేనే తెచ్చా" అన్నాడు. ఆవిడ ముఖంలోకి చూసే తీరిక అప్పుడు వాడికి లేదు.

ఇంజనీరు కానీయమన్నాడు. నేను బిందెలు అందిస్తుంటే వాడు పోస్తున్నాడు. నీళ్లు రేవుమెట్లు దాటాయి. గడపలు దాటాయి. "ఇంకా పైకి రానీ. కాలువ మట్టానికి రావాలిగా" అన్నాడు ఇంజనీరు. వాడు పోశాడు. గేటు ఎత్తగానే నీళ్లు కాలువలో పడి మొలకల దగ్గరికి పరుగెత్తాయి. జనం ఈలలేసి చప్పట్లు కొట్టారు. వెల్దుర్తి రైతు ఒకాయన, "మా ఊరికి రావా అయ్యా?" అని అడిగితే, "మీది మెరక" అన్నాడు ఇంజనీరు. అందరూ నవ్వారు. అందరూ మొలకల వైపే చూస్తున్నారు.

నాయనమ్మ ఒక్కతే వెనక వైపు చూస్తోంది. పచ్చిమట్టి ఇళ్లు కరిగి నీళ్లు ఎర్రబడ్డాయి. బొడ్రాయి అని పెట్టిన గులకరాయి ఒరిగి కనపడకుండా పోయింది. ఆవిడ ఏడవలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వరండా మెట్ల మీద కూర్చుంది.

మాకు మొదటి బహుమతి వచ్చింది. వాడు పరుగున వచ్చి, "చూశావుగా నాయనమ్మా, ఇప్పుడైనా వస్తావా?" అన్నాడు.

"రాక ఏం చేస్తా? ఊరేదిరా ఇంక? గవర్మెంటు ముంచలేకపోయింది. నువ్వు ముంచావు."

మాటవరసకు అందేమో అనుకున్నాం. కాదు. వారం తిరక్కుండా సామాను బండికెత్తించి మాచర్ల శివార్లలో కొత్తగా వేసిన కాలనీకి వచ్చేసింది. వాడు కోరుకున్నది అయింది. అసలు నీళ్లు ఊరి మీదికి ఆ తర్వాత, వానాకాలంలో వచ్చాయి. చూసొస్తావా అంటే, "నేను చూసిందే గదా" అనేది. మనవడికి వండేది, తలంటేది, జ్వరమొస్తే పక్కన కూర్చునేది. వాడి చేతి నీళ్లు మాత్రం తాగేది కాదు. వాడు చెంబు అందిస్తే పక్కన పెట్టించి, లేచి వెళ్లి కుండలోంచి తనే ముంచుకునేది. వాడు ఒకసారి కాళ్లు పట్టుకున్నాడు. "ఏమనుకోమాకు అయ్యా, గొంతు దిగదు" అంది.

వాడు పాలిటెక్నిక్‌లో చేరాక ఒక ఎండాకాలం నాయనమ్మకు బాగాలేదని కబురొచ్చింది. నేనూ వెళ్లాను. నులకమంచం మీద ఆవిడ పిడికెడైంది. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. ఇంటినిండా చుట్టాలు. వాడు గ్లాసుతో వంగి, "నాయనమ్మా, నేను, నీళ్లు" అన్నాడు. ఆవిడ పెదవులు బిగించి ముఖం తిప్పుకుంది. మళ్లీ పోయబోయాడు. నీళ్లు బుగ్గ మీద నుంచి దిండులోకి కారిపోయాయి.

ఆవిడ కళ్లు గదంతా వెతికి నా దగ్గర ఆగాయి. చెయ్యి కొంచెం ఎత్తింది. నేను కదల్లేదు. చూరు కింద కూర్చోబెట్టిన మనిషి, అందరి ముందూ నన్ను పిలుస్తోంది. చుట్టాలు పక్కకు జరిగి దారిచ్చారు. వాడే గ్లాసు నా చేతికిచ్చాడు. నేను పోస్తే నోరు తెరిచి గుటక వేసింది, ఇంకొకటి వేసింది. నాకు గొప్పగా అనిపించలేదు. నా చెయ్యి విరిగిపోయినా బాగుండేదనిపించింది.

అంతా అయ్యాక వాడు వాకిట్లో కూర్చుని ఉన్నాడు. నేను పక్కన కూర్చున్నాను. వాడు అడిగాడు.

"మింగిందా, కారిపోయినయ్యా?"

"మింగింది."

"చాల్లేరా. దప్పికతో పోలేదుగా" అన్నాడు వాడు.