పైకప్పు మాట్లాడిన సాయంత్రం

గోదావరిఖనిలో ఒకప్పుడు రాక్ బ్యాండ్ ఉండేదని, అందులో నేనూ ఉండేవాడినని చెబితే ఇప్పుడు మా ఇంట్లోనే ఎవరూ నమ్మరు. ఆ వయసు అలాంటిది. పొద్దున బొగ్గు దుమ్ము దులుపుకున్న చొక్కానే సాయంత్రం స్టేజీ మీద వేసుకుని, లోకమంతా మన పాట కోసమే ఎదురుచూస్తోందనుకునేవాళ్లం. బ్యాండులో నా పని టర్న్‌టేబుల్. అంటే, తిరిగే పాత రికార్డును వేళ్లతో ముందుకూ వెనక్కూ గీరి, గిటారుకూ డ్రమ్సుకూ మధ్య మిగిలిన ఖాళీలో గర్రుగర్రుమనే చప్పుళ్లు పుట్టించడం. (మా అమ్మ దీన్ని 'రికార్డులు ఖరాబు చేసుడు' అనేది. అంతకంటే మంచి నిర్వచనం నాకు ఇప్పటికీ దొరకలేదు.)

మా గిటారిస్టుకు మోటారు షెడ్డు ఉండేది. ఎప్పుడు చూసినా గోళ్లలో నల్లగా ఉంటుందని అందరం ఆయన్ను గ్రీజు భాయ్ అనేవాళ్లం. పాడైపోయిన రికార్డు ప్లేయరుకు బెల్టు బిగించి నా వాద్యాన్ని తయారుచేసింది ఆయనే. దాని మీద కాస్తయినా నమ్మకం లేనిదీ ఆయనకే. కార్మికుల కమ్యూనిటీ హాల్లో కార్యక్రమం ఖాయమైన రోజే తేల్చి చెప్పాడు: "దేఖ్ రే, డ్రమ్సు లేకుంటే పాట లేదు. గిటార్ లేకుంటే పాట లేదు. నువ్వు లేకుంటే ఏం తక్కువైతది? శనివారం జనం నీ చప్పుడు పట్టించుకోకుంటే, మిషిన్ ఈడ్నే పెట్టి ఇంటికి పో." "పట్టించుకుంటరు భాయ్" అన్నాను గాని, ఆ వారమంతా షెడ్డు వదిలి కదల్లేదు. అక్కడే కూర్చుని గీరగా గీరగా, అరిగిపోయిన ఒక రికార్డులోంచి వింత చప్పుడొకటి బయటపడింది. వేలితో అదిమి నెమ్మదిగా తిప్పితే, ఎక్కడో ఎండిన దుంగ లోలోపల విరుగుతున్నట్టు కిర్రుమనేది. ఒంటరిగా విన్నప్పుడు నా చేతుల మీద రోమాలు లేచాయి. గొప్ప సంగీతమంటే ఇదేననుకున్నాను.

శనివారం సాయంత్రం ముందు వరసల్లో మొదటి షిఫ్టు దిగి స్నానాలు చేసొచ్చిన గని కార్మికులు కూర్చున్నారు. వాళ్లలో మా కాక, అంటే బాబాయి, ఒకడు. గనిలో కప్పు కింద దుంగలు నిలబెట్టే పని ఆయనది. మొదటి రెండు పాటలూ చేతులు కట్టుకుని, యూనియన్ మీటింగులో ఉపన్యాసం విన్నంత ఓపికగా విన్నారు. మూడో పాట మధ్యలో డ్రమ్సు ఆగింది, గిటారు ఆగింది. ఇక నా వంతు. రికార్డును అదిమాను. కిర్ర్... కాసేపు నిశ్శబ్దం. మళ్లీ కిర్ర్... టప్.

కాక తలెత్తాడు. నా వైపు కాదు, పైకి. పక్కనున్నవాళ్లూ పైకే చూశారు. అంతే, అందరూ ఒక్కసారి లేచారు. ఒక్కరూ అరవలేదు, ఒకరినొకరు తోసుకోలేదు. ఇద్దరు మనుషుల ఎత్తున్న హాల్లో తలలు కాస్త వంచి, పిల్లల్ని చంకలకెత్తుకుని, కుర్చీ చప్పుడైనా కాకుండా బయటికి నడిచారు. ఖాళీ హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. కిర్రుమనే చప్పుడు మాత్రం ఆగలేదు. రికార్డు మీద నా చెయ్యి లేదన్న సంగతి అప్పుడు చూసుకున్నాను. (ముల్లు ఒకే గీతలో ఇరుక్కుందని తర్వాత తేలింది. ఆ క్షణంలో మాత్రం నేనూ తలెత్తి పైకి చూశాను.)

"పట్టించుకుంటరన్నవ్ గద, ఖతం" అన్నాడు గ్రీజు భాయ్.

బయట మైదానంలో అందరూ గుంపుగా నిలబడి హాలునే చూస్తున్నారు. "ఎవడ్రా గది చేసింది?" అన్నాడు కాక.

"నేనే కాక."

నా చేతుల వంక చూశాడు. "బొగ్గు బాయిల కప్పు మాట్లాడేది గిట్లనే బిడ్డా. కూలే ముందుగాల మెల్లగ కిర్రుమంటది. అది ఇన్నంక ఎందుకు, ఏంది అని అడుగం. నడుస్తం, గంతే." హాలు గుమ్మం వైపు చెయ్యి చూపి, "మళ్లొకసారి ఇనిపియ్యి" అన్నాడు.

నేను లోపలికి వెళ్లి రికార్డు తిప్పాను. వాళ్లు గుమ్మం దాటి రాలేదు. అక్కడే నిలబడి కళ్లు మూసుకుని విన్నారు. "ఇంక జర నిదానం... ఆఁ, గిట్లనే" అంది ఒక గొంతు. నేను చెయ్యి తీసేశాను.

"ఆపినవేందిరా?" అన్నాడో ముసలాయన.

"దీని తర్వాత చప్పుడెట్లుంటదో నాకు తెల్వది తాతా."

"మాకూ తెల్వది" అన్నాడు కాక. "అది ఇన్నోళ్లు మళ్లొచ్చి చెప్పలే."

ఎవరో ముందుగా నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. అయినా ఒక్కరూ లోపలికి మాత్రం రాలేదు. మిగతా పాటలు మేమే బయటికొచ్చి, మైదానంలో పాడాం. సామాన్లు సర్దుతుంటే గ్రీజు భాయ్ నా భుజం మీద గ్రీజు చెయ్యి వేశాడు. "నువ్వుండాలె రే. నా గిటార్‌కు ఇయ్యాల ఒక్కడన్న లేచిండా?"

అలాంటి బ్యాండులు ఎంతకాలం ఉంటాయో అంతకాలమే మాదీ ఉంది. తర్వాత నేను పేపరు ఉద్యోగంలో పడ్డాను. ఆఫీసులో కుర్రవాళ్లు పాటల గురించి మాట్లాడుకుంటుంటే నేనూ కుర్చీ దగ్గరికి జరుపుకుని, నా వాయింపుకు ఒకసారి హాలు హాలంతా లేచి నిలబడిందని చెబుతుంటాను. వాళ్లు ముచ్చటపడతారు. లేచి ఎటు వెళ్లారని మాత్రం ఇప్పటివరకూ ఎవరూ అడగలేదు.