ఎవరినడిగి బయటికొస్తారు

మా ఆయన పనిచేసే చోట కారు సీట్లు తయారవుతాయి. అవి కెనడాలో ఓక్‌విల్ చుట్టుపక్కల కార్ల ప్లాంట్లకు వెళతాయి. ఆయన అక్కడ మిషన్లు బాగుచేసే మెకానిక్. ఒక సీటు పూర్తయ్యేలోపు దాని గుడ్డ, ఫోము, ఇనుప చట్రం అమెరికా సరిహద్దుకు అటూ ఇటూ తిరిగి వస్తాయి. సుంకం లేకుండా అలా తిరగనిచ్చేది అమెరికా, కెనడా, మెక్సికో మూడు దేశాల వాణిజ్య ఒప్పందం. దాని నుంచి అమెరికా బయటికి వెళ్లిపోవచ్చని వార్తలు మొదలయ్యాక ఆయనకు ముందు ఓవర్‌టైమ్ పోయింది. తర్వాత ఆయన పనిచేసే షిఫ్టే ఎత్తేశారు.

పెళ్లయిన కొత్తలో ఆయన కువైట్ వెళ్లారు. పాప నడవడం, మాట్లాడడం, బడికి పోవడం అన్నీ ఫోన్‌లోనే చూశారు. కెనడా వచ్చేటప్పుడు ఇద్దరం ఒక మాట అనుకున్నాం. తిన్నా పస్తున్నా ఇక ఒకే ఇంట్లో ఉండాలని. అందుకే విమానంలో నాలుగు గంటల దూరంలోని ఎడ్మంటన్ నుంచి ఆయన స్నేహితుడు ఫోన్ చేసి, ఆయిల్ కంపెనీల పంపులు బాగుచేసే షాపులో ఉద్యోగం ఉంది రమ్మన్నప్పుడు నాకు భయం పట్టుకుంది. పాపకు హైస్కూల్ చివరి ఏడాది. వెళ్తే ఆయనొక్కరే వెళ్లాలి.

నేను చదివింది పదో తరగతి. ఇక్కడ వృద్ధుల కేర్‌హోమ్ వంటింట్లో పని. షిఫ్ట్ అయ్యాక లైబ్రరీకి వెళ్లడం నా అలవాటు. మొదట్లో డిక్షనరీ పక్కన పెట్టుకుని పేజీకి గంట పట్టేది. ఇప్పుడు డిక్షనరీ అక్కర్లేదు, ఈ మాట గర్వంగానే రాస్తున్నాను. ఆ చలికాలమంతా నేను వెతికింది ఒకే ప్రశ్నకు జవాబు. ఇన్ని ఇళ్లు ఆనుకుని ఉన్న ఒప్పందాన్ని ప్రభుత్వాధినేత ఒక్కడే తెంచెయ్యగలడా? చట్టసభ అడ్డుపడలేదా?

అమెరికా రాజ్యాంగంలో ఒప్పందంలోకి వెళ్లడానికి సెనేట్ అనే పైసభ ఒప్పుకోవాలని రాసి ఉంది. బయటికి రావడం గురించి ఒక్క ముక్క లేదు. మా వాణిజ్య ఒప్పందాన్ని అమలు చేసింది రెండు సభలూ చేసిన చట్టం కాబట్టి వాళ్లనడగకుండా కుదరదని కొందరు పండితులు రాశారు. కుదురుతుందని మరికొందరు రాశారు. కోర్టు తేల్చలేదు. మన కెనడా సంగతి చూద్దును కదా, ఇక్కడా అంతే. ఒక పర్యావరణ ఒప్పందం నుంచి ఇక్కడి ప్రభుత్వం పార్లమెంటులో ఓటు పెట్టకుండానే బయటికొచ్చింది. కోర్టుకు వెళితే, ఆ అధికారం ప్రభుత్వానికి ఉందన్నారు. బ్రిటన్‌లో, దక్షిణాఫ్రికాలో మాత్రం, పార్లమెంటును అడిగి వెళ్లమని కోర్టులు ప్రభుత్వాలను ఆపిన సందర్భాలున్నాయి. ఆ పేజీలు చదివిన రోజు బస్సులో నాకు ఎంత ధైర్యం వచ్చిందో.

ఇంటికి రాగానే ఆయన నవ్వుతూ, "ఏం లాయరుగారూ, తేలిందా?" అనేవారు.

"ఆపొచ్చని కొందరంటున్నారండీ."

పాప ఫోన్‌లోంచి తలెత్తకుండా, "మామ్, దే డోంట్ ఈవెన్ నో. హౌ వుడ్ యూ?" అనేది.

నేను చెప్పినంతసేపూ ఆయన వినేవారు. ఎడ్మంటన్ మాట మాత్రం ఎత్తేవారు కాదు. నేనూ ఎత్తలేదు. ఎత్తకపోతే అది ఉండదనుకున్నాను.

మా తెలుగు క్రైస్తవ సంఘంలో శనివారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో ప్రార్థన కూడిక జరుగుతుంది. పాటలయ్యాక ఒక్కొక్కరూ లేచి ప్రార్థన మనవులు చెబుతారు. ఇంట్లో మొగుడూపెళ్లాలు చెప్పుకోలేనివి కొన్ని అక్కడే ముందు బయటపడతాయి. అక్కడ చెప్పినదానికి ఎవరూ ఎదురు చెప్పరు. ఆమెన్ అంటారు, అంతే. ఆ వారం నేను చెప్పాల్సింది బస్సులోనే కూర్చుకున్నాను. అమెరికా చట్టసభ సభ్యులకు దేవుడు ధైర్యమివ్వాలి, తమనడగకుండా ఒప్పందం నుంచి వెళ్లకూడదని వాళ్లు చట్టం చెయ్యాలి. ఇలాంటి మనవి ఆ గదిలో ఎవరూ చేసి ఉండరని లోపల కాస్త గొప్పగా కూడా ఉంది.

మా ఆయన నాకంటే ముందు లేచారు.

"వచ్చే సోమవారం ఎడ్మంటన్ వెళ్తున్నానండి, ఉద్యోగానికి. ప్రయాణం కోసం, ఇక్కడ వీళ్లిద్దరి కోసం ప్రార్థన చెయ్యండి."

అందరూ ఆమెన్ అన్నారు. నేను ఆయన వంకే చూస్తున్నాను. ఆ ఇంటి ఆంటీ, రిటైరైన నర్సు, నా మోకాలి మీద చెయ్యి వేసి మెల్లగా, "అనమ్మా," అంది. అన్నాను. నా వంతు వచ్చినప్పుడు ఆయన చెప్పిందే నా మనవి అని చెప్పి కూర్చున్నాను.

తిరిగి వస్తుంటే కారులో వెనక సీట్లో పాప చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కిటికీ వైపు తిరిగి ఉంది. నేనే అడిగాను.

"నాతో ఒక్క మాట అనొచ్చు కదండీ."

"అంటే వద్దంటావు."

"అంటాను."

"అందుకే అనలేదు."

అప్పుడే టిక్కెట్టు కొన్నారా అని అడిగాను. కొన్నానన్నారు. ఆ మాట కూడా తప్పు చేసినవాడిలా చెప్పారు. కోపం తెచ్చుకోవడానికి కూడా వీలివ్వలేదు నాకు.

ఆయన వెళ్లాక కూడా లైబ్రరీలో ఆ వార్తలు చూస్తూనే ఉన్నాను. నేనిది రాసే రోజుకు ఒప్పందం నుంచి బయటికి వెళతామని ఎవరూ నోటీసు ఇవ్వలేదు. ఎవరినీ అడగాల్సిన పని పడలేదు, ఆపాల్సిన పనీ పడలేదు. ఆయన షిఫ్ట్ మాత్రం తిరిగి రాలేదు. పాపకు కాలేజీ సీటు వచ్చిందన్న ఉత్తరం ఫోన్‌లో చూపిస్తే, ఆయన తెరకు బాగా దగ్గరగా వచ్చి చదువుకున్నారు.