మిల్లు ఆఫీసులో తొమ్మిదో నంబరు

పోయిన వారం బాన్సువాడ ఊరి చివరనున్న పాత రైస్ మిల్లు యజమాని మనవడు నాకు ఫోన్ చేశాడు. ఆఫీసుకు రంగులు వేయిస్తున్నామనీ, గోడ మీద ఎప్పటినుంచో పనికిరాకుండా వేలాడుతున్న టెలిఫోన్ పెట్టెను బిగించింది నేనేనని ఎవరో చెప్పారనీ, వీలుంటే వచ్చి విప్పి తీసుకెళ్ళమనీ మర్యాదగానే అడిగాడు. మోకాళ్ళు అరిగిన ఈ వయసులో నిచ్చెనలెక్కడం ఏమిటని ఇంట్లో వాళ్ళు గొణుగుతున్నా వినకుండా వెళ్ళాను. కాకి పిల్ల కాకికి ముద్దు అన్నట్టు, నేను ప్రాణం పెట్టి బిగించిన దాన్ని ఇంకెవరో సుత్తితో పీకుతుంటే చూడలేను.

మూత విప్పితే లోపల ఒక వేలు మందం దుమ్ము, రెండు బల్లిగుడ్లు, మూత వెనక అతికించిన ఒక కాగితం కనబడ్డాయి. ఏ తీగ ఎవరి బల్ల దగ్గరికి పోతుందో, ఎవరి నంబరు ఎంతో ఒక కాగితం మీద రాసి మూత వెనక అతికించడం మా పనిలో అలవాటు. రేపు మనం లేకపోయినా ఇంకొకరు వచ్చి బాగు చేసుకోవాలి కదా. పసుపు రంగుకు తిరిగిన ఆ కాగితం మీద నీలం సిరాతో ముత్యాల్లాంటి అక్షరాలున్నాయి. అవి నావి కావు, మా అక్కవి. అక్క పోయి అయిదేళ్ళయింది. 

మీలో నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, తొంభైల్లో ఆఫీసుల్లో ఫోనంటే ఏమిటో. ఆ మిల్లుకు బయటి లైన్లు రెండే రెండు. లోపల మాత్రం యజమాని గది, ఆయన కొడుకు గది, ధాన్యం బండ్లు తూచే కాంటా, గోదాములు, గేటు, పెరట్లోని ఇల్లు అన్నీ కలిపి పది ఫోన్లుండేవి. ఈ రెండింటికీ ఆ పదింటికీ నడుమ ఒక చిన్న గదిలో చెక్కబోర్డు ముందు మా అక్క కూర్చునేది. ఎవరైనా ఫోన్ ఎత్తగానే బోర్డు మీద చిన్న రేకుమూత టప్పున పడేది, అక్క త్రాడు తీసి ఆ రంధ్రంలో గుచ్చి ఎవరు కావాలో వాళ్ళకు కలిపేది. బావ పోయిన మరుసటి ఏడు, పదో తరగతి చదివిన ధైర్యంతో, ఏడేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్ళి అడిగి సంపాదించుకున్న పని అది.

పేరుకు పని త్రాళ్ళు కలపడమే గానీ, ఆ సీటులో కూర్చుని అక్క చేసింది వేరు. కోటగిరి నుంచో రుద్రూర్ నుంచో రైతులు ఎస్టీడీ బూతుల్లోంచి ఫోన్ చేసి హలో అనకముందే, ఒక దగ్గును బట్టో నిట్టూర్పును బట్టో మనిషిని పోల్చుకుని వరస పెట్టి పిలిచేది. కాంటా దగ్గర ఎన్ని బండ్లు నిలబడి ఉన్నాయో కిటికీలోంచి చూసి, ఇప్పుడు రావద్దు, రేపు పొద్దున రమ్మని చెప్పేది. మబ్బు పడితే ధాన్యం కప్పుకొమ్మని చెప్పేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. చుట్టుపక్కల కాలువ కింది ఊళ్ళన్నీ మా అక్కకు మంచివే.

నేను అప్పటికి నిజామాబాదులో ఒకాయన దగ్గర ఆఫీసు ఫోన్ల పని నేర్చుకుని, కొత్తగా సొంతంగా చేయడం మొదలుపెట్టాను. త్రాళ్ళు, రేకుమూతలు అక్కర్లేని ఎలక్ట్రానిక్ పెట్టెలు అప్పుడే వచ్చాయి. మిల్లులో అలాంటిది పెట్టిస్తారట, అడిగి చూడమని నాకు కబురు చెప్పింది కూడా అక్కే. తమ్ముడికి మొదటి పెద్ద పని దొరకాలని ఆమె ఆరాటం.

ఆ రోజు యజమాని కొడుకు గదిలో కూర్చున్నాను. వాళ్ళ తాతలు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కుని స్థిరపడినవాళ్ళు, మాట మెత్తన. పొద్దుటినుంచి కరెంటు లేక మిల్లు ఆగిపోయింది, ఫంకా తిరగడం లేదు, నేను తెచ్చిన కాగితాలతోనే విసురుకుంటూ పెట్టె గొప్పలన్నీ ఏకరువు పెట్టాను. ఆయన అంతా విని, తాపీగా ఒక్కటే అడిగాడు.

"ఆపరేటర్ లేకపోయినా నడుస్తుందాండీ ఇది?"

ఆయన ఎందుకడుగుతున్నాడో నాకు అర్థం కాలేదని ఇప్పటివరకూ చాలామందికి చెప్పాను, నాకు నేనూ చెప్పుకున్నాను. అర్థమైంది. అయినా పని చేజారిపోతుందన్న భయం ఒకవైపు, నా మిషను మీద నాకున్న పొగరు ఒకవైపు నన్ను తోశాయి.

"నడుస్తుంది సార్. మనిషితో పనే లేదు" అన్నాను.

పని నాకే ఇచ్చారు. అటునుంచి అటే పక్కనున్న అక్క గదికి వెళ్ళాను, నంబర్ల పట్టిక రాసుకోవడానికి. తలుపు మూసి ఉంది, తోసుకుని వెళ్ళేసరికి అక్క ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది. నా రాత కోడి గీకినట్టుంటుందని కాగితం లాక్కుని తనే రాసింది. పెద్దాయనకు ఇరవై, కొడుక్కు ఇరవై ఒకటి, కాంటాకు ఇరవై రెండు, అలా వరసగా. ఇరవై ఎనిమిది మాత్రం ఎవరికీ వద్దని, ఎనిమిదంటే పెద్దాయనకు పడదని ముందే చెప్పి వదిలేసింది. ఎవరు ఏ వేళకు ఎక్కడ ఉంటారో, ఎవరి ఫోన్ ఎత్తకపోతే ఎవరికి పోవాలో, ఇన్నేళ్ళుగా తన తలలో దాచుకున్నదంతా విప్పి చెప్పింది. ఆఖరున ఆపరేటర్ నంబరు తొమ్మిది దగ్గరకొచ్చి కలం కింద పెట్టింది.

"గిది నువ్వే రాసుకో తమ్మీ" అంది.

తన గురించి తను రాసుకోవడానికి మొహమాటపడుతోందనుకుని, నవ్వుతూ నేనే ఆపరేటర్ అని రాశాను.

మూడు రోజులు పట్టింది బిగించడానికి. పిడుగులకు భయపడి గుంత తవ్వి బొగ్గూ ఉప్పూ పోసి ఎర్తింగ్ వేశాను. ఇరవై ఒకటో నంబరు ఫోన్ దగ్గర కూర్చుని మీటలు నొక్కుతూ పెట్టెకు ఒక్కొక్కటే నేర్పించాను. సరిగ్గా నొక్కితే నిండుగా ఒక కూత పెట్టేది, తప్పు నొక్కితే కసురుకున్నట్టు తెగి తెగి కూసేది. బయటి ఫోన్ వస్తే ముందు కొడుకు బల్ల మీద మోగాలి, అయిదుసార్లు మోగినా ఎవరూ ఎత్తకపోతే తొమ్మిదికి పోవాలి. అక్క ఎలాగూ ఉంటుంది కదా అన్న భరోసాతో పెట్టాను ఆ ఏర్పాటు. ఆ నోటితో ఆ మాట అన్నవాణ్ణే, ఈ చేత్తో ఇలా నేర్పించాను. మనసులో ఒకటి తెలుస్తూ చేత్తో ఇంకొకటి చేయడం మనిషికి ఎంత సులువో చూడండి.

నెల తిరక్కుండానే అక్కను పిలిచి, చీరా మిఠాయీ చేతిలో పెట్టి, ఇక శ్రమపడవద్దని చెప్పారట. తమ్ముడు పెట్టిన మిషనే అన్నీ చూసుకుంటోందని పెద్దాయన మెచ్చుకున్నాడట కూడా. ఆ మెచ్చుకోలును అక్క నాకు ఉన్నదున్నట్టు అప్పజెప్పింది. కుర్చీలో వేసుకునే మెత్తా, టీ ఫ్లాస్కూ సంచీలో పెట్టుకుని ఇంటికొచ్చింది. వారం తిరిగేసరికి వాడకట్టులోని ఆడవాళ్ళతో పాటు చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. అన్ని ఊళ్ళతో మాట్లాడిన మనిషి ఆకు కత్తిరిస్తూ తల వంచుకుని కూర్చునేది. అయినా నేను ఆమె ఇంటికి వెళ్ళేవాణ్ణి, తినేవాణ్ణి.

అలా ఒక మధ్యాహ్నం నేను అన్నం తింటుండగా కోటగిరి నుంచి ఒక పెద్ద రైతు వాకిట్లోకి వచ్చాడు. మాకు చుట్టమేమీ కాదు, కానీ ఫోన్లో పరిచయమై అక్క ఆయన్ని మామా అని పిలిచేది. చేతిలో పెద్ద బెల్లం ముద్ద. ఇల్లు తెలియక ఊళ్ళో నలుగుర్ని అడిగి వచ్చానన్నాడు. అక్క మంచినీళ్ళిచ్చింది. ఆయన తాగకుండా గ్లాసు పక్కన పెట్టాడు.

"బిడ్డా, ఎనిమిది దినాల సంది చేస్తున్న. గంట మోగుతుంది గని నువ్వు ఎత్తుతలేవు. గా దినం వడ్లు తడిసిన కోపంల నోరు జారిన. మనసుల పెట్టుకున్నవా?"

విషయమేమిటంటే, అక్క పనిలో చివరి రోజుకు ముందు రోజు ఆయన్ను ఒక రోజు ఆగి రమ్మని చెప్పిందట. ఆ రాత్రి వాన పడి కళ్ళంలో వడ్లు తడిశాయి. తెల్లారి ఆయన ఫోన్ బూతులోంచి అక్కను నానా మాటలూ అన్నాడు. మర్నాటినుంచే బాధపడి, క్షమించమని అడగడానికి రోజూ అదే వేళకు ఫోన్ చేస్తున్నాడు. తన వేళ అక్కకు తెలుసనీ, కావాలనే ఎత్తడం లేదనీ ఆయన నమ్మకం.

జరిగిందేమిటో నాకు అర్థమైంది. అక్క వెళ్ళిపోయాక ఆ గదిలోని ఫోన్‌ను విప్పి తీసేశారు గానీ, తొమ్మిదో నంబరును పెట్టెలోంచి తీసేయాలని ఎవరికీ తోచలేదు, తోచాల్సింది నాకు. యజమాని కొడుకు తన బల్ల దగ్గర ఉండేది తక్కువ. వచ్చిన ఫోన్లలో సగం తొమ్మిదికే పోతున్నాయన్నమాట. మా పనిలో ఉన్నవాళ్ళకు తెలుసు, తీగ చివర ఫోన్ లేకపోయినా చేసినవాడి చెవిలో మాత్రం గంట నిక్షేపంగా మోగుతూనే ఉంటుంది. ఇలా ఎంతమంది విన్నారో, ఎంతమంది అక్కకు కోపమొచ్చిందనుకున్నారో.

నోరు తెరిచి నిజం చెబుదామనుకున్నాను. అక్క నావైపు చూడకుండానే అందుకుంది.

"కోపమెందుకు మామా. పానం మంచిగ లేక నేనే పని బంద్ చేసిన."

ఆయన కళ్ళు తుడుచుకుని, నీళ్ళు తాగి, బెల్లం ముద్ద అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. మిల్లు వాళ్ళ మీద మాట రానీయలేదు, నా మీద అసలే రానీయలేదు. ఆయన సందు మలుపు తిరిగేదాకా చూసి, చాట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుని అక్క మెల్లగా అంది.

"గా గంట తీసెయ్యి తమ్మీ. నేనున్ననని చేస్తున్నరు పాపం."

చేయి కడుక్కుని ఎకాఎకిన మిల్లుకు వెళ్ళాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, పట్టుకోవాలి కదా. ఇరవై ఒకటి దగ్గర కూర్చుని మీటలు నొక్కి తొమ్మిదిని తీసేసి, ఎత్తని ఫోన్లు కాంటాకు పోయేలా మార్చాను. పెట్టె నిండుగా ఒక కూత పెట్టింది. మూత వెనక కాగితం మీద కూడా ఆ వరసను గీత గీసి కొట్టేశాను. ఆ తర్వాత ఆ మిల్లుకు ఎవరు ఫోన్ చేసినా కాంటా మీదివాడు ఎత్తి ముందుగా ఎవరు అని అడిగేవాడు. మా అక్క ఆ ప్రశ్న ఎవర్నీ అడిగి ఎరగదు.

అక్క కూతురు చదువుకుంది, పెళ్ళయింది, సుఖంగా ఉంది. అక్క బీడీలు చుడుతూనే ముసలిదైంది. ఆ పెట్టె తర్వాత నేను చాలా ఆఫీసుల్లో చాలా పెట్టెలు బిగించాను, పేరు తెచ్చుకున్నాను. కానీ నేనన్న ఆ ఒక్క మాట సంగతి అక్కతో ఎన్నడూ చెప్పలేదు. తనకు తెలియదు కదా, తెలియని దాన్ని చెప్పి బాధపెట్టడం ఎందుకని సర్దిచెప్పుకున్నాను. ఆమె దవాఖానలో ఉన్న చివరి రోజుల్లో కూడా అదే ధైర్యంతో పక్కన కూర్చున్నాను.

పోయిన వారం పెట్టె దించాక, తొమ్మిదో నంబరు తీగ కూడా చుట్టేద్దామని అక్క గదిలోకి వెళ్ళాను. ఇప్పుడది పాత గోనెసంచులు పడేసే గది. తలుపు గాలికి వెనక మూసుకుంది. రంగుల పని వల్ల ఆ రోజు మిల్లు నడవడం లేదు, అంతా నిశ్శబ్దంగా ఉంది. నేను తీగ చుడుతూంటే పక్క గదిలో, ఒకప్పుడు వాళ్ళ నాన్న కూర్చున్న గదిలోనే, మనవడు సెల్‌ఫోన్‌లో భార్యతో కాబోలు మాట్లాడుతున్నాడు. కూతురికి జ్వరం తగ్గిందా, మందు వేశావా అని అడుగుతున్నాడు. గొంతు పెంచి కూడా మాట్లాడటం లేదు. ప్రతి మాటా నా చెవి పక్కనే అన్నట్టు వినబడుతోంది. నడుమ ఉన్నది ప్లైవుడ్ చెక్క, అప్పటిదే, ఒక్క పలుచటి చెక్క.

నేను ఆ గదిలో పనిచేసిన రోజుల్లో మిల్లు హోరుకు పక్కమనిషి మాట కూడా వినబడేది కాదు. కానీ నేను ఆ మాట అన్న రోజు కరెంటు లేక మిల్లు ఆగి ఉంది. చుడుతున్న తీగను పక్కన పెట్టి గోనెసంచుల మీద కూర్చున్నాను.

ఇప్పుడు ఫోన్ మోగితే పేరు దానంతటదే తెర మీద పడుతుంది. ఇష్టం లేకపోతే ఎత్తం, అవతలివాడూ మన ఇంటిదాకా బెల్లం పట్టుకుని రాడు. ఎవరి ఫోన్ వాళ్ళ జేబులోనే ఉంది, నడుమ కూర్చుని కలిపే మనిషి అక్కర్లేదు. నేను ఆ రోజు చెప్పిన మాటే నిజమైంది, లోకమంతా నిజమైంది. దానికి సంతోషించే మనసు మాత్రం నాకు లేదు.

ఆ కాగితాన్ని మూత నుంచి నీళ్ళతో తడిపి, చిరగకుండా ఊడదీసి ఇంటికి తెచ్చుకున్నాను. రోజూ ఒకసారి తీసి చూస్తున్నాను. ఇరవై నుంచి మొదలుపెట్టి అన్నీ ఆమె అక్షరాలు, ఎక్కడా వంకర లేదు, ఎక్కడా చెయ్యి వణకలేదు. మనిషితో పనే లేదని తమ్ముడన్న మాట చెక్క అవతల కూర్చుని విని, ఆ తమ్ముడు తలుపు తోసుకుని లోపలికి రాగానే, మా అక్క ముందు నాకు టీ పోసింది.