వియ్యంకుడు గీయించిన గీత

రేపల్లెలో పుట్టి పెరిగినదాన్ని. ఎన్నికల తమాషాలన్నీ నాకు తెలుసుననుకునేదాన్ని. చీరలు పంచడం, ఊళ్ళో లేనివాళ్ళ ఓట్లు ఎవరో వచ్చి వేసిపోవడం, కదల్లేని ముసలివాళ్ళను ఆటోల్లో మోసుకెళ్ళడం అన్నీ చూశాను. తెనాలికి కోడలిగా వచ్చాక తెలిసింది, అవన్నీ చిల్లర పనులని. వద్దనుకున్న ఓట్లను పక్క వార్డులోకి నెట్టేస్తే ఇంత శ్రమే అక్కర్లేదు కదా!

ఆ ఘనకార్యం చేయించింది బయటివాళ్ళు కాదు, మా అత్తగారి వియ్యంకుడే. మా ఆడపడుచును ఎదురింటికే ఇచ్చారు. మా వీధిలో అదో అలవాటు. మా తూర్పు వరస ఆడపిల్లల్లో సగంమంది పడమటి వరస ఇళ్ళలోనే కోడళ్ళు. పిల్లకు జ్వరమొస్తే కేకేసినా వినపడాలని పెద్దవాళ్ళ ఆలోచన. ఆ వియ్యంకుడు మా వార్డు కౌన్సిలరు, అధికార పార్టీ మనిషి. వీధికి మంచినీళ్ళ పైపు వేయిస్తానని ఆయన చెప్పని ఎన్నిక లేదు. మేం మాత్రం తెల్లవారుజామునే లేచి, వీధి చివరి ఒక్క కుళాయి దగ్గర బిందెలతో బారులు తీరేవాళ్ళం.

రెండు వేల దశకం మధ్యలో కౌన్సిలర్ల ఎన్నికలు వస్తున్నాయన్నారు. మా వార్డు ఆడవాళ్ళకు రిజర్వు అవుతుందని తెలిసి ఆయన తన భార్యను సిద్ధం చేశారు. కుళాయి దగ్గర నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగిన మా అత్తగారు, తనూ నిలబడతానన్నారు. ఆవిడకు పార్టీ లేదు, పైపు ఒక్కటే ఆవిడ మాట. వియ్యంకుడు మొదట పగలబడి నవ్వారు. తర్వాత మా వరసలో ఓట్లెన్నో చూసుకుని నవ్వడం మానేశారు.

వార్డుల హద్దులు మార్చే పని అప్పుడే నడుస్తోంది. కొత్త హద్దు ఎక్కడో తెలిసేసరికి వీధంతా నోరెళ్ళబెట్టింది. అది సరిగ్గా మా వీధి మధ్యలోంచి పోయింది. పడమటి వరస పాత వార్డులోనే ఉంది, మా వరస మొత్తం పక్క వార్డులో పడింది.

ఆ సాయంత్రం ఆయనే వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు.

"ఏం చేస్తాం చెల్లెమ్మా, అంతా పైవాళ్ళు చేసిందే. నా చేతుల్లో ఏముంది చెప్పండి?"

"మరేనండి అన్నయ్యగారూ. పైవాళ్ళకి మా ఇల్లెక్కడుందో కూడా భలే తెలిసిందండి. కూర్చోండి, కాఫీ ఇస్తాను. నీళ్ళు రావడమే తరువాయి."

బాపట్లలో ఉద్యోగానికి రోజూ రైల్లో వెళ్ళొచ్చే మావారు, తోటి ప్రయాణికులను అడిగి ఒక కబురు మోసుకొచ్చారు. ఊళ్ళో ఎక్కడ ఓటున్నా ఏ వార్డులోనైనా పోటీ చేయొచ్చట. కాకపోతే అమ్మ ఓటు అమ్మకు పడదు.

"పడకపోతే పోనీరా. నా ఒక్క ఓటు నమ్ముకుని దిగానా ఏంటి?" అన్నారు అత్తగారు.

పార్టీవాళ్ళు పడమటి వరసలో ఇంటికో మగవాణ్ణి పిలిచి మాట్లాడుకున్నారు. ఇంటాయన సరేనంటే ఇంటిల్లిపాదీ సరేనన్నట్టే వాళ్ళ లెక్క. ఆ ఇళ్ళకు నీళ్ళు మోసేది కోడళ్ళుగా వెళ్ళిన మా వరస ఆడపిల్లలేనన్న సంగతి ఎవరికీ తట్టలేదు. అత్తగారు మధ్యాహ్నం మగవాళ్ళు లేని వేళ ఆ ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళతోపాటు చింతపండు గింజలు తీస్తూ కూర్చునేవారు. ఓటు మాటే ఎత్తేవారు కాదు. "నడుంనొప్పి ఎలా ఉందే?" అని అడిగి వచ్చేసేవారు.

నా బెంగంతా మా ఆడపడుచు గురించే. ఇటు కన్నతల్లి, అటు అత్తగారు. పాపం, అత్తగారి వెంట జెండా పట్టుకుని తిరుగుతూ, మా గుమ్మం ముందుకు రాగానే తల దించుకునేది. ఎవరు గెలిచినా ఆ పిల్ల కాపురంలో చిచ్చు పెడతారేమోనని నాకు నిజంగానే భయంగా ఉండేది.

మా అత్తగారు గెలిచారు. పడమటి వరస మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఓటెవరికి వేశావని మా ఆడపడుచును ఎవరూ అడగలేదు, తనూ చెప్పలేదు.

ఏడాది తిరిగేలోపు పైపు వచ్చింది. వార్డు పని వార్డులోనే జరగాలి కాబట్టి కుళాయిలన్నీ ఎదుటి వరసకే వెళ్ళాయి. మా వరసకు కొత్తగా దొరికిన కౌన్సిలరు వియ్యంకుడి పార్టీవాడే. వెళ్ళి అడిగితే, "మీ అత్తగారే కౌన్సిలర్ కదండీ" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"గెలిచి మనకి ఒరిగిందేంటి అత్తయ్యా?" అని ఇంటికొచ్చి దెబ్బలాడాను. ఆవిడ బిందె చంకనెత్తుకుని వీధి చివరికి బయల్దేరారు. ఆవిణ్ణి అలా చూసి, అన్నందుకు నాకే ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున తలుపు తీసేసరికి వీధికి అడ్డంగా ప్లాస్టిక్ గొట్టాలు పరిచి ఉన్నాయి. ఎదుటి వరస కుళాయిల నుంచి మా గుమ్మాల దాకా, ఎవరి పుట్టింటికి వాళ్ళు వేశారు. అత్తగారు గుమ్మంలో బిందె పెట్టుకుని కూర్చున్నారు. వియ్యంకుడు స్కూటర్ మీద వస్తూ, తన ఇంట్లోంచే వస్తున్న గొట్టం ముందు ఆగి హారన్ కొట్టారు. ఆయన ఎదుట ఏనాడూ గొంతెత్తని మా ఆడపడుచు ఇంట్లోంచి కేకేసింది.

"తొక్కకండి మావయ్యగారూ, అమ్మ నీళ్ళు పట్టుకుంటోంది!"

ఆయన స్కూటర్ ఆపేసి, మా బిందె నిండేదాకా అక్కడే నిలబడ్డారు.