తడి చేతులతో కరెంటు దగ్గరికి

పట్టు బ్లౌజు మీద నా బొటనవేలి మరక కనబడిన రోజే ఏదో తేడా అనిపించింది. బాన్సువాడలో ఇంట్లోనే మిషను కుడతాను. అరచేతులు చిన్నప్పటి నుంచీ చెమర్చేవి, ఆ ఏడాది ఏకంగా కారడం మొదలైంది. బిచ్కుంద నుంచి వచ్చిన గిరాకీ అక్క తన పెళ్లి బ్లౌజు చూసి, "నీళ్ల చేతులతోటి కుట్టినవా ఏంది?" అంది. తల కొట్టేసినట్టయింది. గిరాకీ పోతే నాకు వేరే పని రాదు.

నిజామాబాద్ వెళ్లి స్కిన్ డాక్టరుకు చూపించుకున్నాను. థైరాయిడ్, షుగర్ టెస్టులు నార్మల్. "హైపర్‌హైడ్రోసిస్ అమ్మా. చెమట ఎక్కువ రావడమే జబ్బు" అన్నారు. లోషన్‌కు చర్మం మండింది గానీ చెమట ఆగలేదు. అప్పుడు అయాంటోఫోరెసిస్ అన్నారు. రెండు ట్రేల నీళ్లలో గ్లైకోపైరోలేట్ మందు కలిపి చెరో చెయ్యి పెడితే, సన్నటి కరెంటు మందును చర్మం లోపలికి పంపుతుందట.

నాకేమీ పాలుపోలేదు. మా బాపు పొలం దగ్గర తడి చేతులతో మోటారు స్టార్టర్ ముట్టుకునే చనిపోయాడు. అప్పటి నుంచి అమ్మ నన్ను తడి చేత్తో స్విచ్ దగ్గరికే రానివ్వదు. ఇప్పుడు డాక్టరే నీళ్లలో చేతులు పెట్టి కరెంటు పెట్టించుకోమంటున్నారు. ఇద్దరి మధ్య అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

అమ్మ వెంట వచ్చి బాపు సంగతంతా చెప్పింది. "ముందుగాల నువ్వు పెట్టు బిడ్డా, సూస్తం" అంది టెక్నీషియన్ అమ్మాయితో. మందు కలపకముందు ఆ అమ్మాయి నవ్వుతూ తన చేతులు పెట్టి చూపించింది. "గిది మోటారు కరెంటు గాదు పెద్దమ్మా, శాన తక్కువ."

మందు కలిపాక నా చేతులు పెట్టాను, చీమలు పాకినట్టు మొదలైంది. కుట్టేటప్పుడు వేలికి సూది గుచ్చుకున్న చోట చురుక్కుమని "అబ్బా" అన్నాను. అంతే, అమ్మ "తియ్యే, చెయ్యి తియ్" అంటూ నా మోచెయ్యి పట్టి లాగింది. అప్పుడు కొట్టింది నాకు షాక్.

అమ్మ ఏడ్చేసింది. డాక్టరు వచ్చి, "మిషను నడుస్తుంటే చెయ్యి ఒక్కసారిగా తీసినందుకే ఆ జర్క్. లోపలుంచితే ఏం కాదు" అన్నారు. ఉంచితే క్షేమం, తీస్తే షాకా? బుర్ర తిరిగిపోయింది. నెల రోజులు అటు పోలేదు.

ఇంకో బ్లౌజు మరకతో తిరిగొచ్చాక అమ్మే అంది, "పా బిడ్డా, పోదాం. ఈసారి నిన్ను ముట్ట."

వారానికి మూడు సిట్టింగులు. చేతులు నీళ్లలో పెట్టకముందే వేళ్ల మీది సూదిపోట్లకు వాజలిన్ రాసేవారు. ఆ మందుకు నోరెండిపోతుంటే డోసు తగ్గించారు. నాలుగో వారానికి మార్కింగ్ సుద్ద నా వేళ్లలో పొడిగా నిలిచింది. ఏడుపొచ్చింది.

ఇప్పుడు డాక్టరు చెప్పినట్టు వారానికోసారి ఇంట్లోనే, బ్యాటరీ మిషనుతో పెట్టుకుంటాను. కరెంటు ఎలా మందవుతుందో నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. మీకు చెప్పగలిగింది ఒక్కటే. మిషను పూర్తిగా ఆగేదాకా చెయ్యి తియ్యకండి, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకోండి.

నా పక్కన అమ్మ కూర్చుంటుంది. స్విచ్ తన చేతిలోనే. "ఆపిన, ఇగ తియ్యి బిడ్డా" అనేదాకా నేను కదలను. బాపు దగ్గర ఆ రోజు ఎవరూ లేరు.