కల్యాణి ఆఫీసు వెతికిన మూడు రోజులు

వజ్రపుకొత్తూరు దగ్గర సముద్రపు ఒడ్డు ఊళ్ళో తాతారావు కూతురు కల్యాణి పేరు తెలియనివాళ్ళు లేరు. వేటకెళ్ళే కుటుంబాల్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటి ఆడపిల్ల ఆమె. పదో తరగతిలో ఐదువందల పన్నెండు మార్కులు. ఆ అంకె బడి గోడమీద పదేళ్ళు చెరగలేదు. తిత్లీ తుఫాను వెళ్ళిన వారం, పడిపోయిన కొబ్బరిచెట్లు దాటుకుంటూ ఇల్లిల్లూ తిరిగి నూట పద్దెనిమిది కుటుంబాలకు నష్టపరిహారం అర్జీలు రాసిపెట్టింది. ఒక్కటంటే ఒక్కటీ తప్పుందని వెనక్కి రాలేదు. ఇచ్ఛాపురంలో అమ్మమ్మ దగ్గర పెరిగింది కనుక ఒడియా కూడా తెలుగంత ధారాళంగా మాట్లాడుతుంది. ఆ రెండు భాషలతోనే విశాఖపట్నం మిక్సీల కంపెనీకి ఇంట్లో కూర్చుని ఫోన్లెత్తే పని సంపాదించింది. రెండేళ్ళలో మరో ముగ్గురిని చేర్చుకుంది. బరంపురంలో మిక్సీ ఆగినా, బొబ్బిలిలో ఆగినా జవాబు చెప్పేది ఈ ఒడ్డు ఊరే. చిన్న సంగతా ఇది?

అంతటి మనిషికి ఆ బుధవారం రాత్రి అన్నం సహించలేదు.

కంపెనీ పన్నెండు కుర్చీల పని ఇస్తానంది. అయితే ఇంట్లోంచి కుదరదంది. కోడికూతలూ చేపల బేరాలూ ఫోన్లో వినిపిస్తున్నాయట. శుక్రవారం మధ్యాహ్నం బిందు అనే మేనేజరమ్మ వస్తుంది, అప్పటికి సరైన ఆఫీసు చూపించాలి. లేకపోతే పని వేరే ఊరికి పోతుంది. కల్యాణి భయం తన గురించి కాదు. ఆమె మాట నమ్మి ఎనిమిదిమంది ఆడవాళ్ళు పలాసలో జీడిపిక్కల పని మానేసి, నెలనాళ్ళుగా ఆమె దగ్గర ఫోన్లో మాట్లాడడం నేర్చుకుంటున్నారు. ఫ్యాక్టరీల్లో వాళ్ళ చోట్లలో అప్పుడే వేరేవాళ్ళు కూర్చున్నారు.

"ఏటే, కంచంలో గీతలు గీత్తన్నావు?" అంది తల్లి దాలమ్మ.

"ఆఫీసు కుదరకపోతే ఆ ఎనమండుగురి మొగం ఎలా సూడాలే అమ్మా?"

"మీ నాన్న సముద్రంలో దారి తప్పిన నాడు కూడా కూడు మానలేదు. నువ్వు టెక్కలి ఎల్లడానికే మానేత్తావేటి?"

సొంత ఆఫీసంటే కుర్చీ దగ్గర్నుంచి జనరేటర్ దాకా కొనాలి. అందుకే కోవర్కింగ్ చూస్తోంది. నాలుగు వ్యాపారాలవాళ్ళు ఒకే హాల్లో కుర్చీల లెక్కన అద్దె కట్టుకుని పనిచేసుకునే చోటన్నమాట. రెండు దొరికాయి. ఒకటి, మూలపేట పోర్టు వస్తుందన్న ఆశతో టెక్కలి హైవే పక్కన కొత్తగా తెరిచినది. రెండోది, పలాసలో సూర్యారావుగారి జీడిపప్పు గోదాం మీది అంతస్తు.

టెక్కలిలో గురువారం ఒక రోజు ఊరికే కూర్చుని చూసుకోమన్నారు. పదకొండుమందినీ రెండు ఆటోల్లో తీసుకెళ్ళింది. అద్దాల గోడలు, చల్లని ఏసీ, మెత్తని కుర్చీలు. మేనేజరు అవినాష్ చేతులు తిప్పుతూ చూపించాడు.

"ఈ స్పీడు జిల్లాలో ఇంకెక్కడా రాదు మేడం. పోర్టు ఓపెనైతే మీకు సీట్లు దొరకవు మరి."

కల్యాణి పదిహేడు ప్రశ్నలు రాసుకుని వెళ్ళింది. కరెంటు పోతే ఎన్ని క్షణాల్లో వస్తుంది, పక్కవాళ్ళ మాటలు వినిపిస్తాయా, ఆదివారం తెరుస్తారా? అన్నింటికీ మంచి జవాబే వచ్చింది. సాయంత్రం దాకా ఒక్క ఫోనూ తెగలేదు. ఫోటోలు తీసి బిందుకి పంపి, రాత్రికి ఖాయం చేసేద్దామనుకుంది. గుండెల మీది బరువు కొంచెం దిగింది.

తిరుగు ప్రయాణంలో ఎదురుగా కూర్చున్న మంగ తల పట్టుకుంది. ఆ ఎనిమిదిమందిలో మంగే చురుకైంది, కల్యాణిని అక్క వరసన అప్పా అని పిలుస్తుంది.

"ఏటే మంగా?"

"తలనొప్పప్పా. ఏటీ కాదు."

కల్యాణి ఆమె సంచిలోంచి నీళ్ళసీసా తీసి ఇవ్వబోయింది. సీసా నిండుగా ఉంది. పక్కామె సీసా చూసింది. అదీ అంతే.

"పొద్దున్నించి నీలు తాగలేదేటే మీరు?"

అందరూ నవ్వారు. "తాగితే ఎల్లాల గదప్పా," అంది మంగ. "ఆడోళ్ళ బాత్రూం కింద ఉందట. బళ్ళు బాగుసేసే షెడ్డు ఎనకాల. తాళం వాచ్‌మన్‌ని అడగాల. ఆ మొగోళ్ళందరి మద్దిన తాళమడిగి ఎల్తామేటి? జీడి ఫ్యాక్టరీలోనూ ఇంతే. మాకలవాటే."

అలవాటే అన్న ఆ మాట కల్యాణిని ఎక్కడో పట్టుకుంది. తన సంచి తడుముకుంది. తన సీసా కూడా నిండుగానే ఉంది. పదిహేడు ప్రశ్నలడిగిన మనిషి, ఆ పద్దెనిమిదోది అడగాలని కూడా తోచకుండా, పొద్దుటి నుంచి గొంతు తడుపుకోకుండా కూర్చుంది! తండ్రి తాతారావు కిడ్నీలు పాడై, నాలుగేళ్ళు డయాలసిస్ మీద ఉండి, నలభయ్యారో ఏట పోయాడు. ఊళ్ళో ఇంకెందరికో ఉన్న ఆ జబ్బుకి కారణం ఇదీ అని తేల్చినవాళ్ళు లేరు. నీళ్ళు మాత్రం మానొద్దని ఊరికొచ్చిన డాక్టరు ఇంటింటికీ చెప్పి వెళ్ళాడు. ఆ ఊరి ఆడవాళ్ళని తనే తీసుకెళ్ళి రోజుకి తొమ్మిది గంటలు నీళ్ళు లేకుండా కూర్చోబెట్టబోయింది.

శుక్రవారం తెల్లారేసరికి అందరితో పలాసలో ఉంది. సూర్యారావుగారు పంచె సర్దుకుంటూ మెట్లెక్కారు.

"బాబూ, బాత్రూం ఎక్కడ?"

"అందరూ నెట్ అడుగుతారు. నువ్వేటమ్మా, వచ్చీరాగానే బాత్రూం అంటావు?"

"ముందది సూపించండి బాబూ."

హాలు చివరే ఉంది. లోపల గడియ, కుళాయిలో నీళ్ళు, హాల్లోకి కనబడకుండా తలుపుకి అడ్డంగా గోడ. కాకపోతే నిండా ఖాళీ డబ్బాలూ గోనె సంచులూ. ఆడవాళ్ళు కొంగులు దోపి గంటలో ఖాళీ చేశారు. ఏసీ లేదు, ఫ్యాన్లు కిర్రుమంటున్నాయి, కిటికీలోంచి జీడిపిక్కలు కాల్చిన పొగవాసన. నెట్ లైను ఒక్కటే.

పన్నెండింటికి బిందు వచ్చింది. పరీక్షగా చేసిన మొదటి ఫోనే మధ్యలో తెగింది.

"నిన్న టెక్కలి ఫోటోలు పంపారు కదండీ. చాలా బావుంది. మళ్ళీ ఇదెందుకు?"

అబద్ధం ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి ఉన్నదున్నట్టు చెప్పింది.

బిందు కాసేపు కాగితాలు తిరగేసింది. "నాకు కాల్స్ తెగకూడదు కల్యాణిగారూ. మా పైవాళ్ళకి ఈ కథ చెప్పలేను. ప్రస్తుతం ఎనిమిది సీట్లే ఇస్తాను. ఆదివారంలోగా రెండో లైను రాకపోతే అవీ ఉండవు. మిగతా నాలుగూ నెల పోయాక చూద్దాం."

కారు వెళ్ళిపోయింది. ఉన్నది పన్నెండుమంది, కుర్చీలు ఎనిమిది. ఎవరిని ఆగమనాలో తెలియక కల్యాణి కిటికీ దగ్గరే నిలబడిపోయింది.

"ఏటప్పా అలా నిలబడిపోనావు?" అంది మంగ. "సేప తక్కువ పడిందని పడవలోంచి ఎవుల్నన్నా దించేత్తామేటి? ఒక్కోడి పాలు సిన్నదవుతాది, అంతే గదా. వంతులు యేసుకుందాం."

వేటలో పాళ్ళు పంచుకునే ఊరివాళ్ళు కనుక ఆ లెక్క ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది. జీతంలో మూడోవంతు తగ్గినా ఒక్కరూ ఇంటికి పోలేదు.

రెండో లైను శనివారం రాలేదు. ఆదివారం మధ్యాహ్నం దాకా రాలేదు. కల్యాణి ఏడుసార్లు ఫోన్ చేసింది. చివరికి సూర్యారావుగారే కేబుల్ ఆఫీసుకెళ్ళి, "మా ఆడపిల్లలు కూకున్నారక్కడ!" అని కేకలేసి మనిషిని వెంటబెట్టుకొచ్చారు. పొద్దు గూకుతుండగా లైను వెలిగింది.

సోమవారం పది గంటలకి ఎనిమిది ఫోన్లూ మోగుతున్నాయి. లైను తెగుతుందేమోనని కల్యాణి కళ్ళు గోడమీది నెట్ డబ్బా పచ్చదీపం మీదే ఉన్నాయి. మంగ హెడ్‌ఫోన్ తీసి బల్లమీద పెట్టింది.

"ఇప్పుడే వత్తానప్పా," అని హాలు చివరికి నడిచింది. తలెత్తి చూసినవాళ్ళెవరూ లేరు.

ఆమె ఫోను మోగింది. కల్యాణి ఆ కుర్చీలో కూర్చుని ఎత్తి, చెప్పండి అని ఒడియాలో అంది.

"నమస్కార, కుహంతు."