తల లేని పాము

సత్యవతికి అనుమానం అంటే ఏమిటో తెలియదు. మా బడిలో మధ్యాహ్న భోజనం వండేది. ఎసట్లో బియ్యం కంటితోనే కొలిచేది, కూరలో ఉప్పు రుచి చూసేది కాదు. "సరిపోయింది లెండి" అందంటే సరిపోవలసిందే. టీచరునై ఉండి నేను తల గోక్కునే విషయాన్ని ఆమె గరిటె తిప్పుతూనే తేల్చేసేది. నాకు ఒళ్లు మండేది కూడా.

పాముల విషయంలోనూ అంతే. చుట్టూ చేపల చెరువులున్న ఊరు మాది. వానాకాలంలో ఇళ్లలోకి ఏదో ఒకటి రాక మానదు. పాము తల చితగ్గొట్టడం దేవుడు తనకు అప్పగించిన పని అని ఆమె నమ్మకం. చర్చిలో చిన్నప్పటి నుంచీ విన్నది అదే. నీటిపామైనా నాగుపామైనా ఆమె రోకలికి ఒకటే.

2005 వానల్లో ఒక ఉదయం ఆమె భర్త కృపానందం చెరువు నుంచి ఇంటికొచ్చాడు. చేపలకు మేత వేయడం ఆయన పని, ఆ వారం రాత్రి కాపలా కూడా. వసారాలో తవుడు బస్తా ఎత్తబోతే పాదం మీద ఏదో చురుక్కుమంది. కేకలు విని పక్కింటి నుంచి నేను వెళ్లేసరికి సత్యవతి రోకలి కడుగుతోంది. పాము తలా మెడా నేలకు అంటుకుపోయి ఉన్నాయి. మిగతా ఒళ్లంతా తడి తవుడు, బురద.

"ఏం పాము?" అన్నాను.

సత్యవతి రోకలి పక్కన పెట్టి, దాని మీదికి వంగి అటూ ఇటూ చూసింది.

ఎదురింటి బాపిరాజు గారు చేతికర్రతో దాన్ని తిప్పి చూశారు. "కట్లపామేనమ్మా. చారలు కనపడట్లేదూ?"

"అయ్యి చారలు కాదండీ, రోకలి దెబ్బలు," అన్నాడు కృపానందంతో కలిసి పనిచేసే యాకోబు. "విషం లేని నీరుకట్టె వదినా. రోజూ వలలో పడేదే."

నీళ్లు పోసి కడిగాం. అయోమయం ఇంకా పెరిగింది. ఒకవైపు నుంచి చారల్లా, ఇంకోవైపు నుంచి గళ్లలా కనిపించింది. "తల ఉంటే చెప్పేవాణ్ణి," అన్నారు ఇద్దరూ. సత్యవతి మొహం పాలిపోయింది.

"వాపు లేదు, నొప్పీ లేదు," అన్నాడు కృపానందం. "కట్లపామైతే ఇలా కూర్చుంటానా? కాసేపు పడుకోనివ్వండి."

నాకూ అదే నిజమనిపించింది. సత్యవతి మాత్రం తల అడ్డంగా ఊపింది. "నాకేం తెలియట్లేదండీ. అందుకే ఏలూరు ఆసుపత్రికి పోదాం పదండి."

ఆమె నోట ఆ మాట విన్నాక నాకు నిజంగా భయం వేసింది. పామును సంచిలో వేసుకుని ఆటో ఎక్కాం.

కృపానందానికి చక్రం కదిలితే చాలు, నిద్ర. తాడేపల్లిగూడెంలో దిగాల్సినవాడు నిద్రలో ఏలూరు దాకా పోయిన రోజులున్నాయి. గణపవరం దాటామో లేదో రెప్పలు వాలాయి. సత్యవతి భుజం పట్టి కుదిపింది.

"ఏవండీ, నా పేరేంటి?"

"సత్యవతి. రాత్రంతా కాపలా కాశానే, పడుకోనీ."

కొంత దూరం పోయాక మళ్లీ అడిగింది. ఈసారి పేరు ముద్దగా వచ్చింది. నిద్రమత్తులో ఎవరి మాటైనా అంతే కదా అన్నాను, ధైర్యం చెబుదామని.

"ఇన్నేళ్లు పక్కన పడుకున్నానండీ," అంది సత్యవతి. "ఇది ఆయన నిద్రో కాదో తెలియట్లేదు." ఏడ్చేసింది. ఆమె ఏడవగా చూడటం నాకు అదే మొదలు.

ఆసుపత్రిలో డాక్టరు గారు సంచి విప్పి చూసి పక్కన పెట్టేశారు. "కళ్లు తెరవండి," అన్నారు. కృపానందం కనుబొమలు పైకి లేచాయి, నుదురు ముడతలు పడింది. రెప్పలు మాత్రం లేవలేదు. ఇది నిద్ర కాదు, విషమేనన్నారు; కట్లపాము కాటుకు వాపూ నొప్పీ ఉండకపోవచ్చట. వెంటనే సూదిమందు ఎక్కించారు, ఊపిరికి గొట్టం వేశారు. ఆయన మళ్లీ కళ్లు తెరిచేదాకా సత్యవతి మంచం పక్క నుంచి కదల్లేదు.

అది నీరుకట్టే అని యాకోబు ఇప్పటికీ వాదిస్తాడు. సత్యవతి ఎవరితోనూ వాదించదు. ఉప్పు కూడా రుచి చూసే వేస్తోంది. బస్సులో కృపానందం కునుకు తీస్తే మాత్రం భుజం మీద చెయ్యేసి పేరు అడుగుతుంది. జనం నవ్వుతారు. ఆయన విసుక్కుంటూనే చెబుతాడు. పేరు చివరి అక్షరం దాకా స్పష్టంగా వినపడితేనే ఆమె చెయ్యి తీస్తుంది.